ఏ ఊరి మనిషి? – మార్గరెట్ కజిన్స్ జీవితం

పిల్లలూ, మన బడిలో చేరేటప్పుడు నింపే దరఖాస్తులో స్వస్థలం అని ఒక గడి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి మనలో చాలామంది పెన్ను కాసేపు ఆగుతుంది. పుట్టింది ఒక చోట, ఒకటో తరగతి ఇంకో చోట, సైకిలు నేర్చుకున్నది మరో చోట. అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తుంది, సామాన్లు కట్టేస్తాం, టీసీ తీసుకుని రైలెక్కుతాం. మీకు తెలుగు చెప్పే మేమూ అంతే. కొన్నేళ్లకోసారి క్వార్టర్సు మారుతూ, ప్రతి కొత్త ఊళ్లోనూ మాది ఏ ఊరో మొదటినుంచి చెప్పుకుంటూ వస్తున్నాం.

కొత్త ఊరికి వెళ్లగానే మనకు గుర్తుండిపోయేది అక్కడి కూడలి, కూడలిలోని విగ్రహం. ఎవరిదని అడిగితే, మా ఊరాయనే అని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. విగ్రహం పెట్టేది ఊరు. అందుకే సాధారణంగా ఆ ఊరి మనిషికే పెడుతుంది. మరి ఒక ఊళ్లో పుట్టి, ఇంకో ఊళ్లో చదివి, వేరే దేశంలో పనిచేసి, ఎక్కడా స్థిరంగా ఉండని మనిషికి ఎవరు పెడతారు? ఈ ప్రశ్న బదిలీల మీద బతికే మన ఇళ్లకు సంబంధించినదే.

అలాంటి ఒకావిడ గురించి ఈ సంచికలో చెప్పుకుందాం. పేరు మార్గరెట్ కజిన్స్. ఐర్లండులో పుట్టారు, మదనపల్లెలో ఉన్నారు, మద్రాసు అడయారులో కన్నుమూశారు. ఆడవాళ్లకు ఓటు ఉండాలని రెండు ఖండాల్లో పోరాడారు. ఇంగ్లండు, ఐర్లండు, భారతదేశం – మూడు చోట్లా జైలుకు వెళ్లారు. రోజూ ఉదయం అసెంబ్లీలో మనం పాడే పాటతోనూ ఆమెకు సంబంధం ఉంది.

మార్గరెట్ 1878 నవంబరు 7న ఐర్లండులోని రాస్‌కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న పట్నంలో పుట్టారు. ఇంటిపేరు గిలెస్పీ. తండ్రి అక్కడి చిన్న కోర్టులో గుమాస్తా. పదిహేనుమంది పిల్లల్లో ఆమె పెద్దది. అంతమంది ఉన్న ఇంట్లో పెద్దకూతురంటే ఎంత పని ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. అయినా ఆమె చదువు ఆగలేదు. స్కాలర్‌షిప్పు సంపాదించి డెర్రీ నగరంలో ఆడపిల్లల బడికి వెళ్లారు. అక్కడినుంచి సంగీతం నేర్చుకోవడానికి డబ్లిన్ చేరి, 1902లో సంగీతంలో డిగ్రీ పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు డిగ్రీ అంటే అరుదైన సంగతి.

1903లో ఆమెకు జేమ్స్ కజిన్స్‌తో పెళ్లయింది. ఆయన కవి, ఉపాధ్యాయుడు. ఇద్దరూ శాకాహారులు, ఇద్దరికీ దివ్యజ్ఞాన సమాజం మీద ఆసక్తి. భార్య బయటి పనుల్లో తిరుగుతుంటే భర్త ముఖం చిట్లించే కాలంలో జేమ్స్ ఆమె పక్కన నిలబడ్డారు. చివరిదాకా అలాగే నిలబడ్డారు. ముసలితనంలో ఇద్దరూ కలిసి తమ జీవితకథ రాసుకున్నారు. ఒక అధ్యాయం ఆమె రాస్తే ఇంకోటి ఆయన రాశారు. అందులో సంగతులు చెప్పింది ఒక్కరు కాదు, ఇద్దరూ.

ఆ రోజుల్లో ఐర్లండు బ్రిటన్ పాలనలో ఉండేది. బ్రిటన్ పార్లమెంటుకు ఓటు వేసే హక్కు ఆడవాళ్లకు లేదు. చదువుకున్నా లేదు, పన్ను కట్టినా లేదు. ఆ హక్కు కావాలని 1866 నుంచీ అర్జీలు వెళ్తూనే ఉన్నాయి, బుట్టదాఖలవుతూనే ఉన్నాయి. 1906లో మార్గరెట్ మాంచెస్టర్‌లో స్త్రీల సభ ఒకటి చూసి వచ్చి ఈ పనిలో దిగారు. 1908లో స్నేహితురాలు హన్నా షీహీ-స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. హన్నా కాథలిక్కుల ఇంటిబిడ్డ, మార్గరెట్ ప్రొటెస్టెంట్ల ఇంటిబిడ్డ. ఐర్లండులో ఆ రెండు వర్గాల మధ్య ఎంత ఎడముండేదో తెలిస్తే ఆ స్నేహం విలువ తెలుస్తుంది.

1910 నవంబరులో ఆ సంఘం తరఫున ఆమె లండన్ వెళ్లారు. ఆ నెలలో వందలమంది స్త్రీలు పార్లమెంటు దగ్గరికి ఊరేగింపుగా వెళ్తే పోలీసులు అడ్డుకున్నారు, తోశారు, కొట్టారు. తర్వాత జరిగిన నిరసనల్లో కిటికీల మీద రాళ్లు వేసినందుకు మార్గరెట్‌కు నెల రోజులు హాలోవే జైలు పడింది. 1912లో ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే హోమ్‌రూల్ బిల్లు వచ్చింది. అందులోనూ ఆడవాళ్లకు ఓటు లేదు. దేశానికి స్వేచ్ఛ ఇస్తామంటూ సగం దేశాన్ని బయట నిలబెట్టారన్నమాట. 1913 జనవరిలో మార్గరెట్ డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టి మళ్లీ నెల రోజులు టల్లమోర్ జైలుకు వెళ్లారు. దొంగల్లా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహారదీక్ష చేసి, ఆ మాట నెగ్గించుకున్నారు.

రాళ్లు వేయడం తప్పు కాదా అని మీలో ఒకరైనా అడుగుతారు. అడగాలి కూడా. ఆ కాలంలో ఆ ఉద్యమంలోవాళ్లే ఈ విషయం మీద రెండుగా చీలారు. మిలిసెంట్ ఫాసెట్ అనే పెద్దావిడ, ఆమె అనుచరులు సభలూ అర్జీలూ తప్ప మరోదారి వద్దన్నారు. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ దారి వేరు. నలభై ఏళ్లు మర్యాదగా అడిగినా వినని చెవులకు అద్దం పగిలిన చప్పుడైనా వినబడాలని ఆమె వర్గం అనుకుంది. ఎవరి మాట సరైనదో మీరు చర్చించుకోండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. రాయి వేసి మార్గరెట్ పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా ఉండి, శిక్ష పూర్తిగా అనుభవించారు.

1913లో భార్యాభర్తలు డబ్లిన్ వదిలి లివర్‌పూల్‌కు, 1915లో అక్కడినుంచి భారతదేశానికి బయల్దేరారు. జేమ్స్‌కు మద్రాసులో అనీబిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో పని దొరికింది. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ ఆయన రాసిన వ్యాసంతో ఆ ఉద్యోగం పోయింది. అనీబిసెంటే ఆయన్ను మదనపల్లెలో తాను 1915లో పెట్టించిన కళాశాలకు పంపారు. అలా పత్రికాఫీసునుంచి పాఠశాలకు బదిలీ! జేమ్స్ తర్వాత ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

మదనపల్లె చూసినవాళ్లు మీలో కొందరుంటారు. రాయలసీమలో ఉన్నా ఎండ అంతగా మాడ్చని ఊరు, దగ్గర్లో హార్స్‌లీ కొండలు. ఐర్లండు చలినుంచి వచ్చిన మనిషికి ఆ ఊరి భాష రాదు, అక్కడి వంట కొత్త, చుట్టూ తెలిసిన ముఖం లేదు. కొత్త ఊళ్లో మొదటి నెల ఎలా ఉంటుందో మనకు తెలుసు. మార్గరెట్ చేసిన పని ఏమిటంటే, ఊళ్లోని ఆడవాళ్లను కలవడం. పేరంటానికి తప్ప గడప దాటని ఇళ్ల స్త్రీలు ఒకచోట చేరి చదువు గురించీ, ఊరి సంగతుల గురించీ మాట్లాడుకునే సంఘం మదనపల్లెలో ఒకటి నడిచింది. దాని పేరు అబలాభివర్ధినీ సమాజం. మార్గరెట్ అందులో పనిచేశారు.

అలాంటి సంఘాలు ఊరూరా ఎందుకు ఉండకూడదన్న ఆలోచన 1917 మే నెలలో అడయారులో రూపం దాల్చింది. అదే భారత మహిళా సంఘం. అనీబిసెంట్ అధ్యక్షురాలు. డొరొతీ జినరాజదాస, మార్గరెట్ కార్యదర్శులుగా ఉండి పని నడిపించారు. శాఖలు పెరిగాయి. సంఘం తరఫున స్త్రీ ధర్మ అనే పత్రిక వచ్చింది. అది ప్రధానంగా ఇంగ్లీషు పత్రికే. అయినా తెలుగు, తమిళం, హిందీ రాతలకూ అందులో చోటుండేది. ఒకే సంచికలో పలు భాషలు సర్దుకోవడం మన విద్యాలయ పత్రిక చదివే మీకు కొత్తగా అనిపించదు.

అదే ఏడాది భారత వ్యవహారాల మంత్రి మాంటేగు లండన్‌నుంచి వచ్చారు. పాలనలో ఏ మార్పులు కావాలో తెలుసుకోవడానికి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి దేశం తిరుగుతున్నారు. ఆడపిల్లల చదువు గురించి చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వమని మార్గరెట్ అడిగారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు వచ్చింది. ఇంకొకరైతే నిరాశపడి ఊరుకునేవారు. ఆమె మాత్రం, అలాగైతే రాజకీయమే అడుగుదాం అనుకున్నారు. పాలనలో ప్రజలకు ఇవ్వబోయే ఓటు స్త్రీలకూ ఇవ్వాలని అర్జీ తయారుచేశారు. 1917 డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మాంటేగును కలిసి ఆ అర్జీ అందజేసింది. భారత స్త్రీలు ఓటు అడిగిన తొలి సందర్భం అది. అర్జీ రాసిన మనిషి మార్గరెట్. ముందు నిలబడి మాట్లాడిన మనిషి హైదరాబాదులో పుట్టిపెరిగిన సరోజిని.

వెంటనే ఏమీ జరగలేదు. ఓటుహక్కు సంగతి చూడడానికి వేసిన కమిటీ, ఈ దేశపు పరిస్థితుల్లో ఆడవాళ్లకు ఓటు కుదరదని తేల్చింది. సరోజినీ నాయుడు, అనీబిసెంట్ లండన్ దాకా వెళ్లి వాదించారు. చివరికి 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్లకు వదిలేసింది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇస్తూ తీర్మానించింది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో ఆ పని మొదట చేసింది మద్రాసే. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి ఆ హక్కు మన ముత్తవ్వల దాకానూ వచ్చింది. ఐతే ఆస్తి, పన్ను నిబంధనలు అలాగే ఉన్నాయి. కాబట్టి నిజంగా ఓటు దక్కింది కొద్దిమందికే.

కొద్దిమందికే అయినా తలుపు తెరుచుకుంది. 1926లో స్త్రీలు శాసనమండలికి పోటీ చేయవచ్చన్నప్పుడు, మార్గరెట్ ప్రోత్సాహంతో మంగుళూరునుంచి కమలాదేవి చట్టోపాధ్యాయ నిలబడ్డారు. చాలా తక్కువ ఓట్ల తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు మండలికి నామినేట్ అయ్యి, 1927లో దాని ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. దేవదాసీ దురాచారం పోవాలని ఆ మండలిలో ఆమె పోరాడారు. పదేళ్ల కిందట అర్జీ పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ స్త్రీలు ఇప్పుడు గుమ్మం లోపల చట్టాలు అడుగుతున్నారు.

ఇక పాట సంగతి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు దక్షిణాది పర్యటనలో మదనపల్లె వచ్చి కళాశాలలో కొన్నాళ్లు ఉన్నారు. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య జనగణమన పాడి వినిపించారు. అక్కడున్నవాళ్లకు బెంగాలీ రాదు. అయినా పాట పట్టుకుంది. సంగీతం చదువుకున్న మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో రాసిపెట్టి పిల్లలకు నేర్పారు. ఠాగూరు ఫిబ్రవరి 28న అక్కడే ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం రాసిచ్చారు. బాణీ కట్టింది మార్గరెట్టేనని కొన్నిచోట్ల చెబుతుంటారు. ఆ మాట మీరు రాయకండి. పాట ఠాగూరుది, బాణీ ఠాగూరుది. 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో దాన్ని పాడారు. మార్గరెట్ చేసింది, విన్నదాన్ని పోనివ్వకుండా కాగితం మీద పెట్టడం. చేసినంతే చెబితే మనిషి విలువ తగ్గదు.

ఆ తర్వాత ఆమె ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. మంగుళూరులో ఆడపిల్లల జాతీయ పాఠశాలకు పెద్దగా పనిచేశారు. మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా నియమించారు. ఈ దేశంలో ఆ పదవిలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. 1926లో ఆడపిల్లల చదువు గురించి ఒక జాతీయ సభ జరపాలని దేశమంతా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాల ఫలితంగా 1927 జనవరిలో పుణెలో అఖిల భారత మహిళా సభ సమావేశమైంది. ఢిల్లీలో 1932లో మొదలైన లేడీ ఇర్విన్ కళాశాల ఆ సభ కృషే. బాల్యవివాహాలను అరికట్టే 1929 శారదా చట్టం కోసం పట్టుబట్టిన సంస్థల్లోనూ అది ఉంది.

1932 డిసెంబరు వచ్చేసరికి గాంధీజీ జైల్లో ఉన్నారు. సభలు, మాటలు నిషేధిస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సులు తెచ్చింది. మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా వాటికి వ్యతిరేకంగా మాట్లాడారు. పూచీకత్తు ఇస్తే వదిలేస్తామన్నారు. ఆమె ఇవ్వలేదు. ఏడాది శిక్ష వేసి వేలూరు స్త్రీల జైలుకు పంపారు. ఒకప్పుడు మేజిస్ట్రేటు కుర్చీలో కూర్చున్న మనిషి ఇప్పుడు మేజిస్ట్రేటు ఎదుట నిలబడ్డారు. ఆ మేజిస్ట్రేటు ప్రభుత్వమూ, ఆమె పుట్టినప్పటి ప్రభుత్వమూ ఒకటే. ఆమె ఎంచుకున్నది మాత్రం తాను చేరిన నేలను.

1936లో ఆమె మహిళా సభకు అధ్యక్షురాలయ్యారు. ఆ తర్వాత మెల్లగా పక్కకు తప్పుకున్నారు. ఇక్కడి స్త్రీలు తమ పని తామే చూసుకునే స్థితికి వచ్చారు, ఇక ముందువరసలో తన అవసరం లేదు అని ఆమెకు అర్థమైంది. పెట్టిన సంస్థ కుర్చీని పట్టుకుని వేలాడేవాళ్లను మనం చాలామందిని చూస్తాం. సమయానికి లేచి కుర్చీ వదిలేవాళ్లు తక్కువ.

1940లలో పక్షవాతం వచ్చి ఆమె మంచాన పడ్డారు. చేతిలో డబ్బు లేదు. ఆమె సేవలకు గుర్తుగా మద్రాసు ప్రభుత్వం, తర్వాత ప్రధాని నెహ్రూ సాయం చేశారు. స్వాతంత్ర్యం ఆమె కళ్లముందే వచ్చింది. 1950 జనవరి 24న జనగణమన జాతీయగీతమైంది. రెండు రోజులకు రాజ్యాంగం అమల్లోకి వచ్చి, వయసు నిండిన ప్రతి స్త్రీకీ ప్రతి పురుషుడికీ ఓటు ఇచ్చింది. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 1954 మార్చి 11న అడయారులో మార్గరెట్ కన్నుమూశారు. జేమ్స్ 1956లో మదనపల్లెలో కన్నుమూశారు.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వద్దాం. ఓటు కోసం పోరాడిన స్త్రీలకు గుర్తులు ఎక్కడున్నాయి?

లండన్‌లో పార్లమెంటు పక్కనున్న తోటలో ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ విగ్రహం ఉంది. ఆమె పోయిన రెండేళ్లకు, 1930లో పెట్టారు. ఆ రోజు ఆవిష్కరణకు వాయించింది లండన్ పోలీసు బ్యాండు. అదే పోలీసులు ఒకప్పుడు ఆ స్త్రీలను పట్టి జైలుకు ఈడ్చుకెళ్లారు. పార్లమెంటు ఎదుటి చౌకులో మాత్రం చాలాకాలం మగవాళ్ల విగ్రహాలే ఉండేవి. మన గాంధీజీతో కలిపి పదకొండు. పన్నెండోదిగా 2018 ఏప్రిల్ 24న మిలిసెంట్ ఫాసెట్ విగ్రహం వచ్చింది. అక్కడ నిలిచిన మొదటి స్త్రీ ఆమే. విగ్రహం దిమ్మె చుట్టూ ఆ పోరాటంలో పనిచేసిన మరో 59 మంది బొమ్మలు, పేర్లు చెక్కారు. వారిలో మహారాజా రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ ఒకరు. ఒక్కరిని నిలబెట్టి మిగతావారిని మరిచిపోకుండా చేసిన ఆ ఏర్పాటు మాకు చాలా నచ్చింది. డబ్లిన్‌లో హన్నా షీహీ-స్కెఫింగ్టన్‌కు ఒక ఫలకం పెట్టారు. ఎక్కడ? ఆమె అద్దాలు పగలగొట్టిన డబ్లిన్ కోట దగ్గరే.

హన్నా ఆ ఊళ్లో ఉండిపోయారు, ఆ ఊరు గుర్తుపెట్టుకుంది. మార్గరెట్ వెళ్లిపోయారు. ఢిల్లీలో అఖిల భారత మహిళా సభ కార్యాలయం సరోజినీ హౌస్‌లో మార్గరెట్ కజిన్స్ స్మారక గ్రంథాలయం ఉంది. ఆనాడు అర్జీ రాసిన మనిషి పేరు, దాన్ని పట్టుకెళ్లిన మనిషి పేరు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఐతే మేము పనిచేసిన ఊళ్ల కూడళ్లలో ఎక్కడా ఆమె విగ్రహం మా కంటపడలేదు.

విగ్రహం లేకపోతేనేం, రోజూ పాట పాడుతున్నాం, ఓటు వేస్తున్నాం, అదే స్మారకం కదా అని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. మేము పూర్తిగా ఒప్పుకోం. కారణం ఆ పోరాటంలోనే ఉంది. ఓటు అంటే ముందుగా ఒక జాబితాలో పేరు. తొలి ఎన్నికల జాబితాలు తయారుచేసేటప్పుడు ఉద్యోగులు ఇంటింటికీ వెళ్తే, చాలాచోట్ల స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయమన్నారు. పరాయివాడికి పేరు చెప్పకూడదన్నది ఆనవాయితీ. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. పేరు లేనిదే ఓటు లేదన్నారు. దాదాపు 8 కోట్లమంది స్త్రీలలో సుమారు 28 లక్షలమంది పేర్లు అలా జాబితాలోకి ఎక్కలేదు. కఠినంగా అనిపించినా, తర్వాతి ఎన్నికలకు స్త్రీలు తమ పేర్లు చెప్పడం నేర్చుకున్నారు.

ఏ మనిషీ మరొకరి తోకగా కాక సొంత పేరుతో లెక్కకు రావాలన్నది మార్గరెట్ జీవితమంతా చేసిన పని. అలాంటి మనిషినే పేరు లేకుండా గుర్తుంచుకుంటే సరిపోతుందా? పేరు రాయకపోతే ఏమవుతుందో మదనపల్లె పాట విషయంలోనే చూశాం. చేసిన పని ఒకటైతే చెప్పుకునేది ఇంకొకటవుతుంది, లేదా అసలే చెప్పుకోరు. అందుకే రాతి మీదో, గోడ మీదో, పుస్తకాల గది తలుపు మీదో పేరు ఉండాలి. ఎవరు, ఏమి చేశారు, ఎప్పుడు – ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలు. నిలువెత్తు కంచు విగ్రహం లేకపోయినా పరవాలేదు.

ఊరు మారే మనలాంటివాళ్లకు ఇందులో ఒక పని ఉంది. ఒకే ఊళ్లో ఉండేవాళ్లకు ఆ ఊరి గుర్తులే కనబడతాయి. మనకు పది ఊళ్లవి కనబడతాయి. ఒక ఊరి మనిషి కథను ఇంకో ఊరికి మోసుకెళ్లగలిగేది మనమే. ఈ వ్యాసం చదివిన మీలో కొందరు రేపు షిల్లాంగులోనో, జోధ్‌పూర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో కొత్త తరగతిలో కూర్చుంటారు. అక్కడ మదనపల్లె పేరు విన్నవాళ్లు ఉండకపోవచ్చు. మీరు చెప్పండి.

ఈ వేసవి సెలవులకు మేము ఒక పని ఇస్తున్నాం. మీరున్న ఊళ్లో విగ్రహాలు, ఫలకాలు, శంకుస్థాపన రాళ్లు, వీధుల పేర్లు చూడండి. వాటిలో స్త్రీల పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. ఒకటైనా దొరికితే ఆమె ఏమి చేసిందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాయండి. ఒక్కటీ దొరకకపోతే, మీ ఊళ్లో ఎవరి పేరు ఉండాల్సిందో అడిగి అది రాయండి. మీ ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో మొదటిసారి ఓటు వేసిన రోజు గుర్తుంటే ఆ కబురూ చేర్చండి. ఆమె పేరు పూర్తిగా రాయడం మరవకండి. జూన్‌లో బడి తెరిచాక ఆ పేజీలన్నీ తెచ్చివ్వండి. అప్పటికి మాకు బదిలీ వచ్చి ఉంటే మా తర్వాత వచ్చే తెలుగు మాస్టారికో టీచరుగారికో ఇవ్వండి. వాళ్లు వచ్చే సంచికలో అచ్చువేస్తారు.